వాషింగ్టన్ తప్పు చేస్తే ఎవరిని నిలదీయాలి, ఎలా నిలదీయాలి

అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఖర్చులకు డబ్బు మంజూరు చేయక 2025 అక్టోబర్ 1న మూతపడిన ఆ దేశ ఫెడరల్ ప్రభుత్వం నవంబర్ 12న గానీ తెరుచుకోలేదు. 43 రోజులు. అంతకుముందు ఆ దేశంలో ఏ షట్‌డౌనూ అంత కాలం సాగలేదు. విమానాలకు దారి చూపే కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు. సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి నవంబర్‌లో అందాల్సిన ఆహార సాయం ఆలస్యమైంది. తెలుగు కుటుంబాలకు దెబ్బ మరో వైపు నుంచి కూడా తగిలింది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద కంపెనీ మారాలంటే ఎల్‌సీఏ అనే కార్మిక శాఖ ఆమోదం కావాలి, గ్రీన్ కార్డుకు తొలి మెట్టు పెర్మ్. ఈ రెండూ చూసే కార్మిక శాఖ విభాగం దాదాపు అక్టోబర్ నెలంతా పని ఆపేసింది. ఉద్యోగం పోయిన హెచ్-1బి ఉద్యోగికి కొత్త కంపెనీ చూసుకోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. కొత్త కంపెనీ ఆఫర్ ఇచ్చి సిద్ధంగా ఉన్నా, ఎల్‌సీఏ రాక, రోజులు కరిగిపోతుంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ సమయంలో వాషింగ్టన్ ఏం చేసింది? గృహ నిర్మాణ శాఖ వెబ్‌సైట్ తెరిస్తే వామపక్ష తీవ్రవాదుల వల్లే ఇదంతా అనే అర్థంలో పెద్ద ప్రకటన కనిపించింది. విద్యా శాఖ ఉద్యోగుల ఈమెయిళ్ల నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లే జవాబుల్లో, వాళ్ల అనుమతి లేకుండానే, డెమోక్రాట్ సెనేటర్లను నిందించే వాక్యాలు చేర్చారు. అది ఉద్యోగుల వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని తర్వాత ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. డెమోక్రాట్లేమో ప్రతినిధుల సభ, సెనేట్, అధ్యక్ష పదవి మూడూ రిపబ్లికన్ల చేతిలోనే ఉంటే మమ్మల్నెందుకు అంటారని ప్రతి మైకు ముందూ చెప్పారు. ఇంత జరుగుతున్నా రెండు పార్టీల సభ్యులకూ జీతాలు రాజ్యాంగం ప్రకారం అందాల్సిందే. సభ్యుడి జీతం ఏడాదికి 1,74,000 డాలర్లు.

కోపం రావాలి. రాకపోతేనే ఆశ్చర్యం. కానీ ఆ కోపం చివరికి వాట్సాప్ గ్రూపులో బంధువుతోనో, పాత స్నేహితుడితోనో గొడవగా తేలితే వాషింగ్టన్‌లో ఒక్కరికీ దాని సెగ తగలదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు, పౌరులైనా వీసా మీద ఉన్నా, ఆ కోపాన్ని సరైన మనిషి దగ్గరికి చేర్చడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

మొదట: జరిగిందేమిటో ఒక్క వాక్యంలో రాయండి

పార్టీ పేరు లేకుండా రాయండి. తేదీ ఉండాలి, ఎవరు ఏం చేశారో చెప్పే క్రియ ఉండాలి. "ఈ ప్రభుత్వం దేశాన్ని నాశనం చేసింది" అనే మాటకు ఎవరూ జవాబు చెప్పక్కరలేదు, అందుకే నాయకులకు అలాంటి మాటలంటే భయం లేదు.

ఉదాహరణకు, 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం, హెచ్-1బి మీద లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడు ట్రంప్ ప్రకటన మీద సంతకం చేశారు. అది ఏటా కట్టాల్సిన రుసుమని వాణిజ్య మంత్రి హోవర్డ్ లట్నిక్ విలేఖరుల ముందు చెప్పారు. అమలుకు గడువు రెండు రోజులు కూడా లేదు. పెద్ద పెద్ద కంపెనీలు విదేశాల్లో ఉన్న ఉద్యోగులను వెంటనే వెనక్కి రమ్మన్నాయి. పెళ్లిళ్లకు, తల్లిదండ్రుల వైద్యానికి ఇండియా వచ్చినవాళ్లు టికెట్ల కోసం పరుగులు తీశారు. మర్నాడు శ్వేతసౌధం వేరే మాట చెప్పింది: ఒక్కసారి కట్టేదేనని, కొత్త దరఖాస్తులకేనని, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని.

ఇక్కడ రాయాల్సినవి రెండు వాక్యాలు. రుసుము పెట్టాలన్న నిర్ణయం ఒకటి, దాన్ని తప్పుగా, అరకొరగా ప్రకటించి లక్షల మందిని హడలగొట్టడం రెండోది. రుసుము మంచిదేనని నమ్మే వ్యక్తి కూడా రెండోదానికి కోప్పడవచ్చు. రెండింటినీ కలిపేస్తే ఆ వ్యక్తి మీ మాట వినడు, మీరు అతని మాట వినరు, తప్పు చేసినవాళ్లు మాత్రం హాయిగా ఉంటారు.

ఆ పని చేసే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడండి

అమెరికాలో అధికారం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నిందను చేతులు మార్చడం అక్కడ సులువు కావడానికి సగం కారణం ఇదే. స్థూలంగా ఇలా పట్టుకోండి. ఖజానా నుంచి డబ్బు విడుదల చేసేది కాంగ్రెస్. చట్టం మారాలంటే రెండు సభలూ ఆమోదించాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. ఉత్తర్వులు, ప్రకటనలు అధ్యక్షుడివి, వాటిని ఆపగలిగేది కోర్టులు లేదా కొత్త చట్టం. వడ్డీ రేట్లు కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌వి. బడి, రోడ్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఆస్తి పన్ను రాష్ట్రం, కౌంటీ, నగరం చూసుకునేవి. వాటి కోసం అధ్యక్షుణ్ని తిట్టినా పొగిడినా ఒకటే.

షట్‌డౌన్ విషయంలో ఇంకాస్త లోతుకు వెళ్లాలి, ఎందుకంటే అబద్ధాలు ఎక్కువ పండేది ఇక్కడే. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆ లోపు కాంగ్రెస్ 12 వ్యయ బిల్లులు ఆమోదించాలి. 1974 బడ్జెట్ చట్టంతో ఈ పద్ధతి వచ్చాక మొత్తం పని సకాలంలో ముగిసిన ఆర్థిక సంవత్సరాలు నాలుగే: 1977, 1989, 1995, 1997. మిగతా ఏళ్లన్నీ తాత్కాలిక బిల్లులతో నెట్టుకొచ్చినవే. అంటే షట్‌డౌన్ ఎవరి పుణ్యమో తేల్చే ముందు, ప్రతి ఏడాదీ దాని దాకా లాక్కొచ్చే బద్ధకంలో రెండు పార్టీలకూ దశాబ్దాల వాటా ఉందని గుర్తించాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. బడ్జెట్ రాయడం వాళ్ల ముఖ్యమైన పని. ఆ ఒక్క పనీ వేళకు చేయనివాళ్లు ఏటా సెప్టెంబర్ చివరి వారంలో కెమెరాల ముందుకొచ్చి ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటారు.

ఇక 2025 గొడవ. రిపబ్లికన్ల చేతిలో అన్నీ ఉన్నాయన్న మాట నిజం. అయితే సెనేట్‌లో అలాంటి బిల్లు మీద చర్చ ముగించి ఓటింగ్‌కు రావాలంటే 60 ఓట్లు కావాలి, వాళ్లకున్నవి 53 స్థానాలు. కాబట్టి డెమోక్రాట్లు అడ్డుకున్నారన్నదీ నిజమే. ఆరోగ్య బీమా ప్రీమియంల మీద గడువు తీరబోతున్న సబ్సిడీలను పొడిగించాలని వాళ్ల పట్టు. చివరికి నవంబర్ 10న సెనేట్‌లో డెమోక్రాట్ల పక్షం నుంచి ఎనిమిది మంది కలిస్తే బిల్లు 60–40తో గట్టెక్కింది. రిపబ్లికన్ ర్యాండ్ పాల్ మాత్రం వ్యతిరేకించారు. రెండు రోజులకు ప్రతినిధుల సభ 222–209తో ఆమోదించింది. ఎవరి ప్రచారం నమ్మినా ఈ చిత్రంలో సగమే కనిపిస్తుంది.

పార్టీ పేర్లు తారుమారు చేసి చూడండి

ఇది మనసుకు కష్టమైన పని. కానీ దీన్ని దాటేస్తే మిగతాదంతా వృథా.

2013లో ప్రభుత్వం 16 రోజులు మూతపడింది. ఒబామా ఆరోగ్య చట్టానికి నిధులు ఆపితే తప్ప బడ్జెట్ ఇవ్వబోమని రిపబ్లికన్లు పట్టుబట్టారు. 2018 డిసెంబర్ 22 నుంచి 2019 జనవరి 25 వరకు 35 రోజులు మూతపడింది. సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు ఇస్తే తప్ప సంతకం పెట్టనని ట్రంప్ పట్టుబట్టారు. 2025లో సబ్సిడీల కోసం డెమోక్రాట్లు పట్టుబట్టారు. మూడింటిలోనూ జరిగింది ఒకటే: వేరే మార్గంలో సాధించలేని కోరికను ప్రభుత్వ నిర్వహణకు ముడిపెట్టడం. "కోరిక న్యాయమైనదైతే ముడిపెట్టవచ్చు" అని మీరు నమ్మితే, గోడ కావాలనుకునే మీ పక్కింటాయనకూ ఆ హక్కు ఇవ్వాలి. "ఎంత మంచి కోరికైనా జీతాలు ఆపకూడదు" అని నమ్మితే, మీ పార్టీ చేసినప్పుడు కూడా ఆ మాటే చెప్పాలి. నేను రెండో పక్షం. మీరు ఏ పక్షమైనా సరే, కొలబద్ద మాత్రం మార్చకండి.

ఒకే దుర్ఘటనలో ఇద్దరి తప్పులూ వేర్వేరుగా ఉండవచ్చు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్‌తో ఒప్పందం చేసుకుని, సేనల ఉపసంహరణకు గడువు ఒప్పుకున్నది ట్రంప్ ప్రభుత్వం. అఫ్ఘాన్ ప్రభుత్వాన్ని ఆ చర్చల్లో కూర్చోబెట్టలేదు. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయంలో ఆ గందరగోళాన్ని నడిపింది బైడెన్ ప్రభుత్వం. ఆగస్టు 26న ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికా సైనికులు, ఇంకా ఎంతో మంది అఫ్ఘాన్లు చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి రెండు శిబిరాలూ చేసింది ఒకటే, ఎదుటివాడి సగాన్ని చూపించి తమ సగాన్ని దాచుకోవడం. "అంతా గత ప్రభుత్వ నిర్వాకమే" అన్న మాట తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు కదా. ఆ మాట అక్కడ వినిపించినప్పుడు కూడా గుర్తుపట్టాలి.

అలాగని "అందరూ దొంగలే, దొందూ దొందే" అని చేతులు దులిపేసుకోవడం కూడా తప్పే. ఇద్దరి వాటా ఎప్పుడూ సరిసమానం కాదు. కొన్నిసార్లు తొంభై పాళ్లు ఒకరిదే ఉంటుంది. అప్పుడు ఆ ఒకరి పేరు చెప్పాలి. అందరూ దొంగలే అన్నామంటే అసలు దొంగకు మేలు చేసినట్టే.

ఓటు రికార్డు తీయండి

నాయకుడి ప్రసంగం పక్కన పెట్టి, ఓటు చూడండి. కాంగ్రెస్ డాట్ గవ్ సైటులో బిల్లు సంఖ్య కొడితే దాని పూర్తి చరిత్ర వస్తుంది: ఎవరు ప్రవేశపెట్టారు, ఎవరు మద్దతు సంతకం పెట్టారు, ఎక్కడ ఆగింది. సభ్యులు ఒక్కొక్కరు ఎటు ఓటేశారో ప్రతినిధుల సభ క్లర్క్ సైటు, సెనేట్ సైటు పేరు పేరునా చూపిస్తాయి. రుసుము లేదు, లాగిన్ లేదు. రికార్డు చదివేటప్పుడు అసలు బిల్లు మీద ఓటు వేరు, చర్చ ముగించడం మీద ఓటు వేరు అని గుర్తుంచుకోండి. సెనేట్‌లో బిల్లులు చచ్చేది ఎక్కువగా రెండోదాని దగ్గరే.

అసలు ఓటింగే జరగకుండా పోయినవి కూడా ఉంటాయి. మన వాళ్లు అందరికంటే బాగా తెలుసుకోవాల్సిన కథ ఇలాంటిదే.

ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. 1990 చట్టం ప్రకారం ఏ దేశానికీ 7 శాతానికి మించి దక్కవు. పెద్ద దేశానికీ చిన్న దేశానికీ ఒకే కోటా. భారతీయుల వరుస దశాబ్దాలకు పాకింది అందుకే. ఈ పరిమితి ఎత్తేసే బిల్లు 2011 నవంబర్ 29న ప్రతినిధుల సభలో 389–15తో నెగ్గింది. ప్రవేశపెట్టింది రిపబ్లికన్ జేసన్ చాఫెట్జ్. సెనేట్‌లో దాన్ని పట్టి ఆపింది కూడా రిపబ్లికనే, చక్ గ్రాస్లీ. ఆ రెండేళ్ల కాంగ్రెస్ గడువు ముగిసేసరికి బిల్లు పోయింది. 2019 జులై 10న డెమోక్రాట్ జో లోఫ్‌గ్రెన్ తెచ్చిన బిల్లు 365–65తో నెగ్గింది. సెనేట్‌లో అలాంటి బిల్లునే రిపబ్లికన్ మైక్ లీ ముందుకు తెచ్చారు. ఏకగ్రీవంగా ఆమోదిద్దామంటే ఆ ఏడాదే రిపబ్లికన్లు ర్యాండ్ పాల్, డేవిడ్ పెర్డ్యూ, తర్వాత డెమోక్రాట్ డిక్ డర్బిన్ వరుసగా అభ్యంతరం చెప్పారు. చివరికి 2020 డిసెంబర్ 2న సెనేట్ మార్పులతో ఆమోదించింది. కానీ రెండు సభలూ ఆమోదించిన బిల్లు పాఠాలు వేరు. వాటిని కలపకుండానే కొత్త సంవత్సరం వచ్చి ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. రెండు సభలూ సూత్రప్రాయంగా ఒప్పుకున్న బిల్లు, అధ్యక్షుడి బల్ల దాకా వెళ్లకుండానే చచ్చిపోయింది.

అభ్యంతరాలన్నీ దురుద్దేశంతోనే అనను. నర్సుల కొరత గురించి, మిగతా దేశాలవాళ్ల నిరీక్షణ పెరగడం గురించి వాళ్లు వేసిన ప్రశ్నలకు బరువుంది. నా మాట వేరే. "డెమోక్రాట్లు వస్తే గ్రీన్ కార్డు", "రిపబ్లికన్లు వస్తే ప్రతిభకు విలువ" అని ప్రతి ఎన్నికలప్పుడూ మన సమావేశాల్లో వినిపించే ప్రసంగాలకు ఈ రికార్డులో ఆధారం లేదు. తెచ్చినవాళ్లలో ఇద్దరూ ఉన్నారు, ఆపినవాళ్లలో ఇద్దరూ ఉన్నారు. ఈసారి ఎవరైనా నాయకుడు మీ సంఘం వేదిక మీద శాలువా కప్పించుకుని హామీ ఇస్తే, ఏ బిల్లు మీద సంతకం పెట్టారో సంఖ్య అడగండి.

నష్టం ఎంతో తెలియాలంటే పార్టీల అంకెలు వాడకండి. కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్కలు చూడండి. 2018–19 షట్‌డౌన్ వల్ల సుమారు 1,100 కోట్ల డాలర్ల నష్టమని, అందులో 300 కోట్లు ఇక ఎప్పటికీ తిరిగిరానివని తేల్చింది అదే. ప్రభుత్వ శాఖల తప్పుల మీద, కాంగ్రెస్ తరఫున తనిఖీలు చేసే జీఏఓ సంస్థ నివేదికలూ ఉచితంగా దొరుకుతాయి.

ఇప్పుడు ఫోను తీయండి

కాంగ్రెస్ భవనమైన కాపిటల్ స్విచ్‌బోర్డు నంబరు 202-224-3121. మీ ప్రతినిధి పేరో, రాష్ట్రమో చెబితే ఆ ఆఫీసుకు కలుపుతారు. ఓటు హక్కు లేకపోయినా మీరు ఆ నియోజకవర్గంలో నివసిస్తే ఫోను చేయవచ్చు. వీసా మీద ఉన్నామని వెనకాడకండి. ఎత్తేది సాధారణంగా చిన్న వయసు సిబ్బంది. వాళ్ల మీద అరవకండి, తప్పు వాళ్లది కాదు. ఇలా చెబితే చాలు:

"నా పేరు ఫలానా. మీ నియోజకవర్గంలో ఫలానా జిప్ కోడ్‌లో ఉంటాను. ఫలానా తేదీన ఫలానా బిల్లు మీద మీ సభ్యుడు వ్యతిరేకంగా ఓటేశారు. దానివల్ల మా ఇంట్లో ఫలానా ఇబ్బంది వచ్చింది. ఎందుకు అలా ఓటేశారో, తర్వాత ఏం చేయబోతున్నారో లిఖితపూర్వకంగా జవాబు కావాలి."

ఒక ఫోనులో ఒక విషయమే చెప్పండి. మరో నియోజకవర్గం సభ్యుడికి ఫోను చేసినా దాన్ని లెక్కలోకి తీసుకోరు. అందరికీ ఒకే పాఠంతో వెళ్లే ఈమెయిళ్ల కంటే మీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు మేలు.

మీ దరఖాస్తు ఫెడరల్ శాఖలో ఇరుక్కుపోతే అదే ఆఫీసు ఇంకో విధంగా పనికొస్తుంది. ప్రతి సభ్యుడికీ సొంత ప్రాంతంలో కార్యాలయం ఉంటుంది, ఇలాంటి కేసులు చూసే సిబ్బంది ఉంటారు. వెబ్‌సైటులో ఫెడరల్ సంస్థలతో సాయం అనే విభాగంలో మీ సమాచారం చూసేందుకు అనుమతి ఇచ్చే పత్రం నింపి సంతకం పెట్టాలి. వాళ్లు మీ వీసా మంజూరు చేయించలేరు, వరుసలో ముందుకు జరపలేరు. కానీ శాఖను వాకబు చేసి జవాబు రప్పించగలరు. మీరు ఏ పార్టీవారని అడగరు, అడగకూడదు కూడా.

రెండు హెచ్చరికలు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. పౌరసత్వం లేనివారు ఓటరుగా నమోదు కాకూడదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఆ గడి దగ్గర ఆగి చదవండి. పొరపాటున పౌరులమని టిక్కు పెట్టినా గ్రీన్ కార్డు పోవచ్చు, దేశం నుంచి పంపేయవచ్చు. అలాగే హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ, పార్టీకీ విరాళం ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు.

పౌరులైతే ప్రైమరీ వదలకండి

ప్రతినిధుల సభ స్థానాల్లో అధిక భాగం ఏదో ఒక పార్టీకి ఖాయమైనవే. అక్కడ అసలు పోటీ నవంబర్‌లో ఉండదు, పార్టీ తన అభ్యర్థిని ఓటర్లతో ఎంపిక చేయించే ప్రైమరీలోనే ముగుస్తుంది. ఆ ప్రైమరీకి వచ్చే ఓటర్లు తక్కువ, వచ్చేవాళ్లలో పట్టుదల ఎక్కువ. ఎదుటి పార్టీతో రాజీపడే నాయకుడు అక్కడ ఓడిపోతాడన్న భయం చాలామందిని మైకు ముందు నిందలకే పరిమితం చేస్తోంది. టెక్సాస్‌లో పార్టీ నమోదు లేదు, ఏదో ఒక పార్టీ ప్రైమరీని ఎంచుకుని ఓటేయవచ్చు. పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో ఆ పార్టీ ఓటరుగా ముందే నమోదై ఉండాలి. మీ రాష్ట్ర నిబంధన, గడువు తేదీ ఇప్పుడే చూసి పెట్టుకోండి.

జవాబు వచ్చాక

రెండు మూడు వారాల్లో ఉత్తరమో ఈమెయిలో రావచ్చు. అందులో ఎదుటి పార్టీని నిందించే పేరాలు కొట్టేసి చదవండి. మిగిలినదాంట్లో మీ ప్రశ్నకు సమాధానం ఉందా? లేకపోతే తేదీ వేసి మళ్లీ రాయండి, పాత ఉత్తరం జత చేయండి. అది కూడా తేలకపోతే ఆగస్టు దాకా ఆగండి. ఆ నెలలో కాంగ్రెస్‌కు విరామం, సభ్యులు సొంత నియోజకవర్గాల్లో ఉంటారు, కొందరు బహిరంగ సమావేశాలు పెడతారు. మైకు మీ చేతికి వచ్చినప్పుడు సెప్టెంబర్ 30 గడువు గురించి అడగండి: 12 బిల్లుల్లో ఇప్పటికి ఎన్ని అయ్యాయి, మిగతావి ఆ రోజులోగా పూర్తికాకపోతే మీ వంతుగా మీరు దేనికి ఓటేస్తారు, దేనికి వేయరు? ఎదుటి పార్టీ పేరు ఎత్తకుండా జవాబు చెప్పమని ముందే కోరండి, ఆ జవాబును ఫోనులో రికార్డు చేసుకుని అక్టోబర్‌లో ఓటు రికార్డు పక్కన పెట్టి చూడండి.